అన్ని పేజీల అడుగునా నేనే

నేను ఒక ఫుటర్‌ని. వెబ్‌సైటులో ఏ పేజీ తెరిచినా అట్టడుగున కనిపించే నల్లపట్టీని. చిరునామా, పని వేళలు, అంబులెన్స్ నంబరు నాలోనే ఉంటాయి. పైన డాక్టర్ల నవ్వు మొహాలన్నీ చూసుకుంటూ దిగి దిగి, ఇక దిగడానికేమీ లేనప్పుడు జనం నన్ను చూస్తారు. చూసినా గుర్తుపెట్టుకోరనుకోండి, అది వేరే సంగతి.

నన్ను చేసింది విజయవాడ ఆఫీసులో వెబ్‌సైటు పని చూసే సువర్చల. తొమ్మిది ఊళ్లలో శాఖలున్న ఆసుపత్రి మాది. మా వెబ్‌సైటుకు ఆరువందల నలభై పేజీలు. ఆ పిల్ల నన్ను ఒక్కసారే చేసి, ఒక్కచోటే ఉంచి, అన్ని పేజీలకూ నన్నే తగిలించింది. "ఒక్కచోట దిద్దితే అన్నిచోట్లా మారుతుంది. దయచేసి ఎవరూ కాపీ చేసుకోకండి" అని అందరికీ మెయిల్ పెట్టింది. మెయిళ్లు చదివే మనుషులుంటే ఈ కథే ఉండేది కాదు.

తణుకు శాఖ మేనేజరు ముత్యాలరావు గారికి నాలో ఒకటే లోపం కనిపించింది: ఆయన పేరు లేదు. "శిలాఫలకం మీదా వెయ్యలేదు, కనీసం ఇక్కడైనా ఉండొద్దాండీ?" అని అలిగారు. తనకు తెలిసిన డిజైనరు చేత తణుకు పేజీలోంచి నన్ను పీకించి, తన పేరూ, శాలువా కప్పుకున్న ఫొటోనూ చేర్చిన కాపీని పెట్టించారు. అచ్చం నాలాగే ఉంటుంది, కానీ నేను కాదు. పైగా దానికి బంగారు రంగు అంచొకటి!

ఆర్నెల్లకు అంబులెన్స్ నంబరు మారింది. సువర్చల నాలో దిద్దగానే రెప్పపాటులో ఆరువందల ముప్పైతొమ్మిది పేజీలు మారిపోయాయి. అబ్బ, ఎంత పొంగిపోయానో! తణుకు పేజీ మాత్రం శాలువా కప్పుకుని పాత నంబరుతోనే కూర్చుంది. ఆ నంబరు కొన్నాళ్లకు ఒక కేటరింగ్ ఆయనకు వెళ్లింది.

ఒక ఆదివారం ఇంట్లో భోజనాల దగ్గర ముత్యాలరావు గారి నాన్నగారు గుండె పట్టుకుని కూలబడ్డారు. కొత్త నంబరు మెయిల్లో వచ్చిందే, కానీ మెయిళ్ల సంగతి చెప్పానుగా. ముత్యాలరావు గారు గబగబా తన తణుకు పేజీ తెరిచి, తన పేరు కిందున్న నంబరు నొక్కారు.

"ఆయ్, చెప్పండి. ఎన్ని విస్తళ్లండీ?"

"విస్తళ్లేంటండీ! అంబులెన్స్ కావాలి, మా నాన్నకి గుండె నొప్పండీ!"

"అయ్యయ్యో, ఇది ఆసుపత్రి కాదండీ. వారం నించీ ఇలాగే చేస్తన్నారండీ. మీరు ఏడో మనిషండీ."

పక్కింటి వాళ్ల కారులో తీసుకెళ్లారు. పెద్దాయన బతికారు. మర్నాడు ముత్యాలరావు గారే సువర్చలకు ఫోన్ చేసి, "నా పేరు తీసెయ్యమ్మా, నువ్వు చేసిందే పెట్టెయ్" అన్నారు. ఆ పూటే నేను తణుకు చేరాను.

సువర్చల అక్కడితో ఆగలేదు. కేటరింగ్ ఆయన్ని బతిమాలి, అంతకుముందు అంబులెన్స్ కోసం ఆయనకు ఫోన్ చేసిన ఆరుగురి నంబర్లు తీసుకుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తోంది. ఐదుగురు ఎత్తి, బాగా తిట్టి, మనిషి క్షేమమేనన్నారు. ఆరో నంబరు ఇంకా మోగుతోంది. నాకు భయంగా ఉంది. ఎత్తండి బాబూ, మీరు కూడా తిట్టండి!