ఖాళీ గడిలో సున్నా

నేను ఒక ఫైలును. అట్టా, దారమూ, దుమ్మూ ఉన్న ఫైలును కాను. కంప్యూటరులో పుట్టి ప్రభుత్వ వెబ్‌సైటులో కాపురం పెట్టిన అంకెల పట్టికను. జిల్లాలో ఏ ఊరి బోరు నీళ్ళలో ఎంత ఫ్లోరైడ్ ఉందో చెప్పడం నా పని. నన్ను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, ఎవరి కంప్యూటరైనా చదివి వాడుకోవచ్చు. నలుగురికీ పనికొస్తానని పుట్టిన కొత్తలో ఎంత మురిసిపోయానో! మనుషుల సంగతి అప్పటికింకా తెలియదు.

నన్ను తయారు చేయించిన మహానుభావుడు గణాంక అధికారి విరూపాక్షరావు. పరీక్షకు వాడే రసాయనం అయిపోవడంతో గోమ్యా తండా నీళ్ళను ఎవరూ పరీక్షించలేదు. అందుకే నాలో ఆ తండా గడి ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ అంటే తెలియదని అర్థం. అలా చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు గానీ, ఆయనకు మాత్రం తల తీసేసినట్టయింది.

"ఖాళీలు కనబడితే మనం పని చెయ్యలేదనుకుంటారయ్యా పైవాళ్ళు. సున్నాలు కొట్టెయ్యి" అన్నాడు ఆపరేటరుతో.

ఆపరేటరు టీ తాగుతూనే కొట్టేశాడు. ఆ దెబ్బతో గోమ్యా తండా నీళ్ళు జిల్లాలోకెల్లా స్వచ్ఛమైన నీళ్ళయిపోయాయి. మంచినీటి ప్లాంట్లు ఎక్కడ పెట్టాలో తేల్చే శాఖవాళ్ళ కంప్యూటరు నన్ను దించుకుంది. పాపం, అది మనిషి కాదు కనుక చెప్పింది చెప్పినట్టే నమ్మింది. ప్లాంట్ల జాబితాలో తండా పేరు లేదు.

తండా సర్పంచ్ సోమ్లీబాయి బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది.

"సారూ, మా నీళ్ళల్ల ఏం లేదని రాసిర్రంట. మా చెల్లె కాళ్ళు వంకర్లు వోయి మంచం దిగుతలేదు. పోరగాండ్ల పండ్లన్నీ పచ్చగైనయి. గివన్నీ యాడికెల్లి ఒచ్చినయి?"

"అది సున్నా కాదమ్మా. పరీక్ష చెయ్యలేదని దానర్థం."

"మరి గదే రాయకపోతిరి?"

ఆ గడిని చెరిపేస్తే చాలు, ఒక్క మీట నొక్కే పని. కానీ సంతకం, ముద్ర లేని సవరణ ఆ ఆఫీసులో సవరణే కాదు. అందుకని విరూపాక్షరావు నన్ను ప్రింటు తీయించి, సున్నా పక్కన ఆకుపచ్చ సిరాతో 'పరీక్షించలేదు' అని రాసి, సంతకం చేసి, గుండ్రటి ముద్ర గుద్ది, ఆ కాగితాన్ని ఫోటో తీయించి వెబ్‌సైటులో నా పక్కన పెట్టించాడు. శాఖవాళ్ళ కంప్యూటరు ఫోటోలు చదవదు. అది మళ్ళీ నన్నే చదివింది, నాలో సున్నా అలాగే ఉంది. రెండో జాబితాలోనూ తండా లేదు. ఇన్ని డిగ్రీలు పెట్టుకుని ఆ అధికారికి ఇంత మొద్దుతనం ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈసారి సోమ్లీబాయి వాదించలేదు. తండా బోరు నీళ్ళ సీసా ఆయన బల్ల మీద పెట్టింది.

"సున్నానే గద సారూ. జర తాగుర్రి."

ఆయన ఆ సీసాను రెండు వేళ్ళతో పక్కకు జరిపి, అటెండరును పిలిచి, క్యాన్‌లోంచి ఒక గ్లాసు మంచినీళ్ళు తెమ్మన్నాడు.

పాత సైకిలుకైనా చివరికి తుక్కు కొట్టు దొరుకుతుంది. నాకు ఆ అదృష్టం కూడా లేదు. ఇవాళ పొద్దున మళ్ళీ ఎవరో నన్ను దించుకున్నారు. గోమ్యా తండా నీళ్ళు భేషుగ్గా ఉన్నాయని వాళ్ళకూ చెప్పాను.