వాలిన ఎడమ భుజం

నేను ఒక కోటుని. ముదురు నీలం రంగు, మూడు గుండీలు, లోపల నాసిరకం లైనింగు. సముద్రపు గాలి తగిలే ఒక విశ్వవిద్యాలయంలో, ఎంబీఏ విభాగం మేడమీద, విద్యార్థి సలహా కేంద్రమనే గదిలో కొక్కేనికి వేలాడడం నా ఉద్యోగం. నన్ను కుట్టిన దర్జీ ఎవరి కొలతలూ తీసుకోలేదు. అందుకే ఎవరికీ సరిగ్గా పట్టను, అందరికీ పనికొస్తాను.

ఆ గది హైమవతి మేడంది. ఎవరు ఏ సబ్జెక్టు ఎంచుకోవాలో చెప్పడం, వెనకబడినవాళ్లకు పాఠం చెప్పే సీనియర్‌ని కుదర్చడం, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టి భయం పోగొట్టడం ఆమె పని. సొంత కోటు లేనివాళ్లు నన్ను తొడుక్కుంటారు. ఉక్కపోతలో చెమటలు కక్కుతూ నాయకత్వ లక్షణాల గురించి మాట్లాడతారు. నా చేతుల్లో చేతులు దూర్చగానే వాళ్ల గొంతు మారిపోతుంది. మనుషుల ధైర్యంలో సగం దర్జీ చలవేనని నాకు అప్పుడే తెలిసింది. మిగతా సగం వాళ్ల అమ్మలిచ్చి పంపిన అక్షింతలు. పిల్లలు వాటిని నా జేబులో వేసుకుంటారు, చిరిగిన జేబులోంచి అవి లైనింగులోకి జారిపోతాయి. ఎందరి అక్షింతలో, ఇప్పటికీ నా అంచులో గరగరమంటాయి.

నూకరాజు నన్ను అందరికన్నా ఎక్కువ వేసుకున్నాడు. తెల్లవారుజామున చేపలరేవులో ఐసు పెట్టెలు మోసి, స్నానం చేసి క్లాసుకొచ్చేవాడు. మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి వాలింది. మార్కులు చూసి మేడమే అతన్ని ఫైనాన్సు తీసుకోమంది. అతనికి మాత్రం బేరసారాలు వెన్నతో పెట్టిన విద్య, మార్కెటింగుకి మారాలని ఆశ. ఒక మధ్యాహ్నం నన్ను తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడం, ఓ మాటండి."

"రేపు రా నూకరాజూ, మీటింగుంది," అంటూ ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

సబ్జెక్టు మార్చుకునే గడువుకి ఆ రోజే ఆఖరు. గది బయట బోర్డు మీద ఆ సంగతి రాసింది ఆమే. ఆ హడావిడిలో ఆమె మరిచిపోయింది. అతను గుర్తు చేయలేదు. పెద్దవాళ్లకు గుర్తు చేయడం మర్యాద కాదని వాళ్లింట్లో నేర్పి ఉంటారు. నన్ను విప్పి, ముడతలు సర్ది, కొక్కేనికి తగిలించి వెళ్లాడు.

మళ్లీ రాలేదు. హాస్టల్లో లేడు, ఫోను మోగదు. మేడం రేవు దాకా వెళ్లి వెతికింది. చేపలవేటకి గుజరాత్ వైపు వెళ్లే వేరావల్ పడవలెక్కాడని ఒకరన్నారట, ఆ పడవల్లో నూకరాజనేవాడే లేడని ఇంకొకరన్నారట. తిరిగొచ్చి అటెండరుతో ఆ మాట చెబుతూ నా వైపు చూసింది. ఆ చూపు నేను మరచిపోలేను.

ఆ తర్వాత నన్ను ఎవరు తొడుక్కున్నా ఎడమ భుజం వాలుతోంది. బక్కవాడైనా, బొద్దుగా ఉన్నవాడైనా సరే. మేడం నన్ను ఇస్త్రీకి పంపింది, భుజంలో కొత్త మెత్త పెట్టించింది. ఏమీ మారలేదు. నిజం చెబుతున్నాను, నేను కావాలని చేయడం లేదు. ఆమె నన్ను బీరువాలో పెట్టి తాళం వేసింది. చీకట్లో నాకు అక్షింతల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. నాకు భయమేసేది.

ఈ ఏడు పైడిరత్నం అనే అమ్మాయి ఉత్తుత్తి ఇంటర్వ్యూకి కోటు కావాలంది. మేడం చాలాసేపు తటపటాయించి బీరువా తెరిచింది. అమ్మాయి నన్ను తొడుక్కుంది. భుజం వాలింది.

"మేడం, ఓ మాటండి," అందా పిల్ల.

అంతలో అటెండరు తలుపు తోశాడు. "మీటింగుకి పిలుస్తన్నారు మేడం, అందరూ వచ్చీసారు."

"రే..." అని మేడం నోరు తెరిచింది. ఆమె కళ్లు నా ఎడమ భుజం మీద ఆగాయి.

"నేను రావట్లేదని చెప్పు," అంది. తలుపు వేసి వచ్చి కూర్చుంది. "చెప్పమ్మా. ఇప్పుడే చెప్పు."

"అకౌంట్సు ఏటీ బుర్రకెక్కట్లేదండి. మానేసి ఇంటికెళ్లిపోదామనుకుంటన్నాను. రేపు బస్సుకి."

సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. పాఠం చెప్పడానికి ఒక సీనియర్‌ని ఫోన్లోనే కుదిర్చింది మేడం. ఏ సబ్జెక్టు ముందు రాయాలో, ఏది వచ్చే సెమిస్టరుకి వదలాలో ఇద్దరూ కలిసి తేల్చారు. బస్సు సంగతి మళ్లీ రాలేదు. వెళ్లేటప్పుడు ఆ పిల్ల నన్ను కొక్కేనికి తగిలించి, కొంచెం నవ్వింది. నా గుండీల వెనక ఏదో తేలికపడింది.

ఇక నన్ను బీరువాలో పెడుతుందనుకున్నాను. మేడం నన్ను తీసి తానే తొడుక్కుంది. ఆమె ఎడమ భుజం మెల్లగా కిందికి వాలింది. బల్ల చుట్టూ తిరిగి, విద్యార్థులు కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఎదురుగా ఖాళీగా ఉన్న తన కుర్చీ వైపు చూస్తూ, "మేడం, ఓ మాటండి," అంది.

చాలాసేపు చూసింది. నేనూ చూశాను. రేపు రమ్మని కూడా ఎవరూ అనలేదు.