పూజబల్ల కింద తాబేలు

తైనాన్‌లో తెంగ్‌ఫా పెంచుకునే తాబేలు ఇంట్లోనే కనబడకుండా పోయింది. రోజూ అతను పూజబల్ల ముందు మోకరిల్లి, "ఇంట్లోనే ఉందా స్వామీ?" అని అడిగి దేవుడి జవాబు తెలిపే జంట చెక్కబిళ్లలు నేలమీద వేశాడు. ప్రతిసారీ రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే దేవుడు నవ్వుతున్నాడన్నమాట. తన ప్రార్థనలో మర్యాద చాలలేదనుకుని అతను ఇంకో అగరువత్తి వెలిగించాడు.

ఒకరోజు భార్య సియోక్‌లాన్ ఊడవడానికి బల్లకు కట్టిన ఎర్రగుడ్డ ఎత్తింది. దాని వెనక, రాలిన అగరు బూడిదలో తాబేలు కళ్లు మూసుకుని, కదలకుండా ఉంది.

"నీ మోకాళ్ల ముందే ఉందయ్యా, మహాభక్తా!"

తెంగ్‌ఫా దాన్ని ముక్కు మునగనంత లోతున్న గోరువెచ్చని నీళ్లలో ఉంచాడు. బతుకుతుందా అని అడగడానికి చెయ్యి బిళ్లల మీదకు పోయింది.

"దేవుణ్ణి ఇంకా నవ్వించకు. నీళ్లు చల్లారాయి, మార్చు," అంది సియోక్‌లాన్.

మార్చాడు. కాసేపటికి తాబేలు మెడ చాచి గుక్కెడు తాగింది. నవ్వే బదులు దేవుడు ఒక్క మాట చెప్పొచ్చు కదా అనుకున్నాడు తెంగ్‌ఫా. తను ఒక్కసారి వంగి చూసినా సరిపోయేది.