కంప్యూటర్లో గుర్రప్ప

నాకు కోపం ఎక్కువ. వేప్పనపల్లి బస్టాండు పక్కన ఉండే నా జెరాక్స్ అంగడికి వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. "చిత్రమ్మ తిడతాది, కానీ పని చేసిస్తాది" అంటారు. ఆ మొదటి ముక్క నాకు నచ్చదు. రెండో ముక్క కోసం ఊరుకుంటాను.

ఆ పొద్దు బుధవారం. షట్టరు ఇంకా సగమే ఎత్తినాను, టీవీఎస్ బండి వచ్చి నిలిచింది. చూస్తే గుర్రప్ప మామ. గొర్లు మేపుకునే మనిషి, మా అమ్మ పుట్టింటి ఊరోడు, ఆ వరసన మామ. బండి మీద కాళ్ళ సందున కంబళి మూట. గొర్రెపిల్లకేదో ఒళ్ళు బాగలేదు, డాక్టరు దగ్గరికి తీసకపోతా ఉండాడు అనుకున్నాను. మూట విప్పితే లోపల సీపీయూ.

"అమ్మా, దీంట్లో ఫోటో రావడం లేదు. రెండు దినాలాయ. ఏందో ఇంగ్లీషులో అడ్డమొస్తా ఉండాది."

"ఫోటోనే కదా మామా, యాడికి పోతాది? పెట్టిపో, సాయంత్రం చూస్తాను."

"లేదమ్మా. ఇప్పుడే చూడాల."

పొద్దున్నే నాతో అట్ల మాట్లాడేవాళ్ళు తక్కువ. అయినా ఆయన మొకం చూసి, గొణుక్కుంటానే నా మానిటరుకు తగిలించినాను. ఆయన కూతురు రేణు పేరుతో ఒక ఫోల్డరు. ఆ పిల్ల హోసూరులో కంపెనీ పనికి పోతాది, శనివారం వస్తే సోమవారం పోతాది. కాలేజీలో ఉన్నప్పుడు కొన్న కంప్యూటరు ఇంట్లోనే పెట్టిపోయినాది.

ఫోల్డరులో రేణు ఫోటోలన్నీ తెరుచుకున్నాయి. ఒక్కటి మాత్రం నొక్కితే, ఈ ఫైలు తెరవడం కుదరదని వచ్చింది. ఫోటోలు చూసే యాప్ చెడిపోయిందేమోనని రిపేర్ చేసినాను. కాలేదు. రీసెట్ చేసినాను. కాలేదు. వేరే యాప్‌లో తెరిచినాను, అదీ అదే పాట. అప్పుడు ఫైలు సైజు చూస్తే సున్నా. పేరు ఉండాది, లోపల బొమ్మ లేదు. తప్పు యాప్‌ది కాదు, హార్డ్ డిస్కుది.

"మామా, దీన్ని రోజూ ఎట్ల ఆపుతావు?"

"ఎట్లేముంది, ప్లగ్గు పీకేస్తాను."

"రోజూనా?"

"రోజూనే. సంవత్సరం మీదాయ."

నాకు పట్టరాని కోపం వచ్చింది. "ప్లగ్గు పీకేదేంది మామా? ఇదేమన్నా బోరు మోటారా? లోపల అది రాసుకుంటా ఉంటాది, నువ్వు మధ్యలో గొంతు పిసికితే ఏమైతాది? చదువుకున్న కూతురుండాది కదా, ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోతాది? ఇప్పుడొచ్చి ఇప్పుడే చూడాల అంటే, నేనేమన్నా మంత్రగత్తెనా?"

ఆయన కంబళి మడత పెట్టుకుంటా నిలబడినాడు. అంతా అయినాక మెల్లగా అన్నాడు.

"షట్‌డౌన్ రేణు నేర్పించిందమ్మా. అది నొక్కితే ఫోటో పోయి, ఏవేవో రంగులొచ్చి, చక్రం తిరుగుతాది. అది చూసి మీ అత్త 'ఆయనకేమైపాయ, ఆయనకేమైపాయ' అని అరిచేది. ప్లగ్గు పీకితే టక్కున ఆరిపోతాది. గొర్లు తోలుకోని పోయినాడులే అని చెప్తాను. ఒప్పుకుంటాది."

నాకు అర్థం కాలేదు. "ఎవరు పోయినాడని?"

"నేనే" అన్నాడు.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టినాను. మామ పెండ్లాం నంజమ్మత్తకు మతిమరుపని ఊర్లో అనుకుంటా ఉంటే విన్నాను గానీ, ఇంత అని తెలీదు. ఒకటిన్నర సంవత్సరంగా ఆమెకు మొగుడి మొకం ఆనవాలు లేదంట. ఈయన్ని కూలికొచ్చిన మనిషి అనుకుంటాదంట. "ఏమప్పా, మా ఆయన ఇంకా రాలేదా?" అని ఈయన్నే అడుగుతాదంట. ఆమె పెళ్ళైన నాటినుంచి మొగుడు తిన్నాకనే తినే మనిషి. అన్నీ మరిచిపోయినా అది మాత్రం మరవలేదు. ఆయన రాకుండా నేనెట్ల తినేది అని సంగటి ముద్ద పక్కకు పెట్టేస్తాదంట.

రేణునే ఉపాయం కనిపెట్టింది. మామ వయసులో ఉన్నప్పుడు కావేరిపట్టణం స్టూడియోలో తీయించుకున్న ఫోటో ఒకటుండేది, మెడ మీద గొర్రెపిల్లతో. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పెద్దగా చూపిస్తే నంజమ్మత్త మొకం విప్పారింది. "తింటివా?" అని అడిగింది. ఈయన తలుపు వెనకాల నిలబడి, "ఆ, తింటిని, నువ్వు తినుపో" అన్నాడు. గొంతు గుర్తే ఉండాది ఆమెకు, మనిషే లేడు. ఆ దినం నుంచి పొద్దునా మధ్యాహ్నమూ అదే పని.

"రెండు దినాలుగా ఫోటో లేదు. రెండు గుక్కల మజ్జిగ తాగింది, అంతే. రాత్రి లేచి నిలబడబోయి పడింది" అన్నాడు. కండ్లు తుడుచుకోలేదు, అట్లే వదిలేసినాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పుంటాది. నాకెప్పుడు బుద్ధొస్తాదో.

"అసలు ఫోటో యాడుండాది మామా? మళ్ళీ స్కాన్ చేస్తాను."

"లేదు. రేణు దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. పక్కింటి పిల్లమ్మ శుక్రవారం దేవుని పటాలకు పూలు పెడతా పెడతా, చెయ్యి అలవాటున దీనికీ ఒక చామంతి దండ వేసేసినాది. కుంకుమ కూడా పెట్టింది. అది చూసి మీ అత్త గాజులు పగలగొట్టుకోని, బొట్టు తుడుచుకోని, వీధిలోకొచ్చి ఏడ్చింది. నేను ఎదురుగా నిలబడి బతికే ఉండానే అంటే, నువ్వెవరప్పా అంటాది. ఆ కోపంలో ఫ్రేముతో కూడా పొయ్యిలో పెట్టేసినాను."

రేణు ఫోన్లో ఉంటాదేమో అని అడిగినాను. ఆ ఫోను నీళ్ళలో పడి చచ్చిందంట. అంటే ఇక మిగిలింది ఈ డిస్కే.

డిస్కు తనిఖీకి పెట్టినాను. రెండు గంటలు పట్టింది. ఆధార్ కార్డుల వాళ్ళొచ్చినారు, పట్టా కాపీల వాళ్ళొచ్చినారు, అందరినీ మధ్యాహ్నం రమ్మని తోలేసినాను. తనిఖీ అయినాక ఒక ఫోల్డరు మిగిలింది, లోపల ముప్పై చిల్లర తుంపులు. విరిగిపోయిన ఫైళ్ళ ముక్కల్ని కంప్యూటరు అట్ల ఊడ్చి ఒక మూల పెడతాది. ఏది ఏందో పేరుండదు. ఒక్కొక్కదాన్నీ ఫోటోగా మార్చి తెరుస్తా పోయినాను. రేణు హాల్‌టికెట్టు. ఎవరిదో పెండ్లి పందిరి. ఉత్త నలుపు. మళ్ళీ నలుపు. పదిహేడోది తెరిస్తే తలపాగా కనిపించింది.

"మామా!" అని అరిచినాను.

తలపాగా, కండ్లు, మీసం, మెడ మీద గొర్రెపిల్ల తల. అంతవరకే. గడ్డం కిందినుంచి బొమ్మ మొత్తం బూడిద రంగు. ఇంకేం చేసినా ఆ కింది సగం రాలేదు. దాన్నే నా కంప్యూటర్లో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి దాచిపెట్టినాను.

మామ దగ్గరికొచ్చి చూసినాడు. "సగమేనా?"

"సగమే మామా."

"గొంతుదాకా పూడ్చిపెట్టినట్ల ఉండానే. ఇది చూసి మళ్ళీ గాజులు పగలగొట్టుకుంటే?"

అంగడి మూసి, నా స్కూటీ మీద ఆయన వెంట పోయినాను. వైర్లు తగిలించేదానికని చెప్పినాను గానీ, నిజానికి ఆయన్ని ఒంటిగా పంపించేదానికి మనసొప్పలేదు.

ఇంట్లో నంజమ్మత్త మంచం మీద గోడకానుకోని ఉండాది. పిల్లమ్మ పక్కన కూర్చోని మజ్జిగ గ్లాసు పట్టుకోని బతిమాలతా ఉండాది. పొయ్యి పక్కన సంగటీ, అనపగింజల పులుసూ మూతపెట్టి ఉండాయి. నన్ను చూసి అత్త, "ఎవరమ్మా నువ్వు? మా ఆయన్ను యాడన్నా చూస్తివా?" అన్నాది. గొంతులో బలం లేదు.

"చూసినాను అత్తా. వస్తా ఉండాడు" అన్నాను.

సీపీయూను కంబళిలోంచి తీసి వైర్లన్నీ తగిలించినాను. మామ కంబళి చేత్తో పట్టుకోని, అలవాటు ప్రకారం తలుపు వెనక్కి పోయి నిలబడినాడు. ఫోటో పెద్దగా వచ్చింది.

అత్త కండ్లు చిట్లించి చూసింది. మంచం దిగింది. పిల్లమ్మ పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. స్క్రీను దగ్గరికొచ్చి, ఆ బూడిద రంగు మీద వేళ్ళు పెట్టింది.

"అయ్యో, చలేస్తా ఉండాదేమో. కంబళి కప్పుకున్నాడు" అన్నాది.

నాకు ప్రాణం లేచొచ్చింది. గొర్లు కాసే ఇంటి ఆడమనిషికి బూడిద రంగంటే కంబళి కాక ఇంకేముంటాది? నాకేమో అది పాడైపోయిన ఫైలు.

"తింటివా?" అని ఫోటోను అడిగింది.

తలుపు వెనకనుంచి మాట రాలేదు. నేను తిరిగి చూస్తే మామ నోటికి కంబళి అడ్డం పెట్టుకోని ఏడుస్తా ఉండాడు. ఎంత ఆపుకున్నా ఆ చప్పుడు బయటికొచ్చేసింది.

అత్త వెనక్కి తిరిగింది. ఆయన్ను చూసింది, చేతిలో కంబళిని చూసింది. మళ్ళీ స్క్రీను చూసింది. "కంబళి ఈడుండాదే" అని గొణుక్కుంది. నడుచుకుంటా పోయి ఆయన చేతిలోంచి కంబళి లాక్కుంది. విదిలించి, ఒక మూల మడిచి, ఆయన తల మీదికి ముసుగు మాదిరి వేసి, రెండో కొన గుండెకడ్డంగా తిప్పి భుజాన పెట్టింది. ఎక్కడా తడుముకోలేదు. పొద్దున్నే మందను తోలేముందు ఎన్ని వేలసార్లు కప్పిందో, ఆ చేతులకు తెలుసు.

కప్పినాక కొంచెంసేపు ఆ మొకంలోకే చూసింది.

"తింటివా?"

రోజూ చెప్పే అబద్ధం ఉండాది కదా, చెప్పేస్తే పాయ. ఆయన చెప్పలేకపోయినాడు.

"తినలేదే నంజీ" అన్నాడు. "రెండు దినాలాయ."

"రెండు దినాలా! నోరు తెరిచి అడిగేదానికేం నీకు?" అని కసిరింది. పిల్లమ్మను అన్నం తట్టలో సంగటి వేయమనింది. తానే ముద్దలో గుంట చేసి పులుసు పోసి, ఆయన్ను కిందకు కూర్చోబెట్టి, చేతికిచ్చింది.

"తిను. నువ్వు తింటే కదా నేను తినేది."

ఆయన నా వైపు చూసినాడు. "తిను మామా" అన్నాను.

చెప్పులేసుకోని వచ్చేసినాను. స్కూటీ దగ్గరికొస్తే తాళంచెవి లేదు, లోపల కంప్యూటరు పక్కనే పెట్టినాను. అంగడి ముందర జనం కాచుకోని ఉంటారు. ఉండనీ. వాళ్ళిద్దరూ తినేదాకా ఆ ఇంట్లోకి అడుగు పెట్టకూడదని, ఎండలో వాళ్ళింటి ముందర మోరీ గట్టు మీద కూర్చున్నాను.