ఉప్పు వెయ్యని గంజి

1946 మార్చి నాలుగో తేదీ, సోమవారం, గన్నవరానికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఒక నేతవీధిలో గంజి కేంద్రం తెరిచారు. తెరిచింది బెజవాడ గవర్నర్‌పేటలో ఆఫీసున్న ఒక సేవా సంఘం. వీధిలో నలభై రెండు ఇళ్ళు. నాలుగు నెలలుగా నూలు రాలేదు. మగ్గాలు ఆగిపోయాయి. రేషను బియ్యం వారంలో నాలుగు రోజులకు సరిపోయేది.

కేంద్రం అంటే ఒక తాటాకు పాక, రెండు గాడిపొయ్యిలు, ఒక వంటవాడు. పాక గుంజకు సంఘం నిబంధనలు అంటించారు. అందులో మొదటిది, గంజి అక్కడే తాగాలి. ఇంటికి తీసుకుపోతే గేదెలకు పోస్తారని సంఘం కార్యదర్శి సాంబమూర్తి అనుమానం. ఆ వీధిలో ఒక్క ఇంటికి కూడా గేదె లేదు. ఆయన ప్లీడరు. అడిగి తెలుసుకోవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు.

మొదటి రెండు రోజులు పిల్లలు, ముసలివాళ్ళు తప్ప ఎవరూ రాలేదు. ఆ వీధి ఆడవాళ్ళు బజార్లో నిలబడి తినరు. మిగిలిన గంజిని వంటవాడు కాలవలో పారబోశాడు. మూడో రోజు సువార్తమ్మ ఆ నిబంధన పక్కన పెట్టి, ముంతలు తెచ్చుకోమని ఇంటింటికీ చెప్పి వచ్చింది.

సువార్తమ్మ మిషను బళ్ళో టీచరు. బడి, ఆమె ఇల్లు నేతవీధికి రెండు ఫర్లాంగుల దూరంలో ఉన్నాయి. చదువు వచ్చు, జీతం అడగదు, పొద్దున్నే రాగలదు. అందుకని సంఘం ఆమెను వాలంటీరుగా తీసుకుంది. గంజి కార్డులు చూసి పేర్లు పిలవడం ఆమె పని. గరిట ముట్టుకోకూడదని ఎవరూ ఆమెకు చెప్పలేదు. చెప్పవలసిన పని లేకుండా ఆమె పాకకు ఆరడుగుల దూరంలో స్టూలు వేసుకుని కూర్చునేది.

వారం తిరిగాక చౌడేశ్వరమ్మ ముంత పట్టుకుని స్టూలు దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మగారూ, మా ముంతలో ఉప్పు వెయ్యకముందే పోయించండి."

"ఎందుకమ్మా? పథ్యమా?"

"పథ్యం నాక్కాదండీ, పడుగుకి."

సువార్తమ్మకు అర్థం కాలేదు. చౌడేశ్వరమ్మ చెప్పింది. సర్కారు డిపోకు నూలు వచ్చింది, కాని వీధి మొత్తానికి ఒక్క ఇంటికి సరిపడా వచ్చింది. చీటీలు వేస్తే ఆమె భర్త వెంకటప్పయ్య పేరు వచ్చింది. ముప్పయ్యో తేదీకి బట్ట డిపోలో అప్పగించాలి. లేకపోతే నూలు కార్డు రద్దు చేసి ఇంకొకరికి ఇస్తారు. కార్డు పోతే ఆ ఇంటికి ఇక నూలు రాదు.

నూలు మగ్గమెక్కాలంటే ముందు పడుగును, అంటే నిలువు పోగుల్ని, వీధిలో బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. గంజి లేని పోగు మగ్గం మీద నిలవదు, తెగిపోతుంది. గంజి కాయడానికి ఇంట్లో నూకలు లేవు. సంఘం గంజిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు గంజి పట్టిస్తే పోగు చెమ్మగిల్లి ఒకదానికొకటి అంటుకుంటుంది.

"మరి పిల్లలు?" అని సువార్తమ్మ అడిగింది.

"గుడ్డలో వడకడతానండీ. మెతుకులు పిల్లలకి, నీళ్ళు పడుగుకి. మా ఇద్దరిదీ మేం చూసుకుంటాం."

సువార్తమ్మ వంటవాడితో చెప్పింది. అతను ఆ రోజునుంచి ఒక ముంత గంజి ముందుగా తీసి పక్కన పెట్టేవాడు.

మొదటి పడుగు పధ్నాలుగో తేదీన వేశారు. ఎవరి పడుగు వీధిలోకి వచ్చినా ఇంటికొక మనిషి వచ్చి చెయ్యి వెయ్యడం అక్కడి పద్ధతి. పిలవరు, కూలి అడగరు. ఆ రోజు ముప్పై మంది దాకా వచ్చారు. వీధి పెద్ద బసవపున్నయ్య కుంచె పట్టాడు. ఎండ ముదరకముందే పని అయిపోయింది. రెండో పడుగు పందొమ్మిదో తేదీ, మంగళవారం అనుకున్నారు.

పదిహేడో తేదీ ఆదివారం సంఘం పెద్దలు కేంద్రం చూడడానికి వస్తామని కబురు పంపారు. గంజి ఏడింటికి తయారైంది. వాళ్ళు వచ్చేదాకా పొయ్యవద్దని కబురులోనే ఉంది. కారు పదీ పావుకు వచ్చింది. అప్పటిదాకా నలభై రెండు ఇళ్ళవాళ్ళు ఎండలో నిలబడ్డారు. గంజి చిక్కబడితే వంటవాడు రెండుసార్లు నీళ్ళు పోశాడు.

కార్లోంచి సాంబమూర్తి, సంఘం అధ్యక్షుడి భార్య శివపార్వతి, ఒక ఫోటోగ్రాఫరు దిగారు. అధ్యక్షుడికి రైసు మిల్లు ఉంది. ఫోటోగ్రాఫరు గుండిగలోకి చూశాడు.

"ఆవిరి రావట్లేదేంటి? పొయ్యి రాజెయ్యి."

వంటవాడు మళ్ళీ మంట పెట్టాడు. ఇంకో పావుగంట గడిచింది. క్యూలో ఒక పిల్ల ఫోటోపెట్టె గుడ్డలోకి దూరిన మనిషిని చూసి నవ్వింది. పిల్లను చూసి తల్లి నవ్వింది.

"అమ్మా, నవ్వకండి! ఫోటోలో నవ్వు పడితే చందాలు రావు" అన్నాడు ఫోటోగ్రాఫరు.

సాంబమూర్తి కూడా నవ్వాడు. "నువ్వు మాత్రం గట్టివాడివోయ్."

శివపార్వతి గంజి రుచి చూస్తున్నట్టు ఒక ఫోటో కావాలన్నాడు ఫోటోగ్రాఫరు. వంటవాడు పక్కన తీసి పెట్టిన ముంత దగ్గరగా ఉంది. ఆమె దాన్ని ఎత్తి ఒక గుక్క తాగింది. తాగి నేలమీద ఉమ్మేసింది.

"ఛీ! ఉప్పే లేదు. పశువుల కుడితి నయం."

సాంబమూర్తి వంటవాడి మీదికి తిరిగాడు. "ఏరా, ఉప్పు కూడా మింగేస్తున్నావా?"

"నాదేం లేదండీ. టీచరమ్మగారే ఆ ముంతలో ఉప్పు వద్దన్నారండీ."

సువార్తమ్మ స్టూలు మీదనుంచి లేచింది. దాచవలసింది ఏదీ లేదనుకుంది. పైగా వాళ్ళు సంతోషిస్తారనుకుంది. నూలు సంగతి, గడువు సంగతి, వడకట్టడం సంగతి వరసగా చెప్పింది. "ఆ గంజితో మగ్గం ఆడితే ఆ ఇంటికి ఇంక మన గంజి అక్కర్లేదండి" అంది.

సాంబమూర్తి విన్నాడు. కోర్టులో సాక్షి మాట విన్నట్టు విన్నాడు.

"అంటే, పొట్టకని మేం పోసింది మగ్గానికి పోస్తున్నారన్నమాట. అంటే పొట్టలు ఖాళీగా లేవన్నమాట."

"కాదండీ, మెతుకులు పిల్లలే..."

"ఇంటికి ఎవరు తీసుకెళ్ళమన్నారు? అక్కడే తాగాలని రాసిందెందుకు?"

శివపార్వతి నోరు పుక్కిలించి వచ్చింది. "మనం అన్నదానం చేస్తున్నామండీ సాంబమూర్తిగారూ. బట్టలకొట్టు పెట్టలేదు. ఎంత తెలివి చూడండి వీళ్ళకి!"

చౌడేశ్వరమ్మ క్యూలో ఉంది. ముందుకు వచ్చి, "తప్పు నాదండీ, నా గంజి కార్డు తీసెయ్యండి. వాళ్ళకి పొయ్యండి" అంది.

రేపటినుంచి ఇక్కడ కేంద్రం ఉండదనీ, నిజంగా ఆకలిగా ఉన్న ఊరికి మారుస్తామనీ సాంబమూర్తి ప్రకటించాడు. ఫోటో మాత్రం తీశారు. శివపార్వతి గరిట పట్టుకుంది, క్యూలో మొదటి మనిషి ముంత చాచింది. ఫోటో అయ్యాక శివపార్వతి గరిట వంటవాడికిచ్చి చెయ్యి కడుక్కుంది. కారు వెళ్ళిపోయింది. ఆ రోజు గంజి అందరికీ అందింది. అప్పటికి అందులో సగం నీళ్ళే.

ముంతలు ఇళ్ళకు చేరకముందే వీధిలో గొడవ మొదలైంది.

"నీ పడుగు తాగిందే మా పిల్లల గంజి!" అని ఎదురింటి వెంకటరావమ్మ అరిచింది. "నూలొచ్చిన గొప్ప నీకు, పస్తు మాకూనా?"

"అక్కా, నేనేం చెప్పలేదు, టీచరమ్మగారే చెప్పారు..."

"ఆవిడ ఊరికే చెప్పిందా? నువ్వు అడక్కపోతే ఆవిడకెట్టా తెలుసు?"

బసవపున్నయ్య అరుగుమీదనుంచి ఒక్క మాట అన్నాడు. "మంగళవారం దీని పడుగు మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు."

సోమవారం బడి వదిలాక సువార్తమ్మ బస్సెక్కి గవర్నర్‌పేట వెళ్ళింది. సాంబమూర్తి మేడమీద ఆఫీసులో ఫోటోలు ముందేసుకుని ఏది పత్రికకు పంపాలో చూస్తున్నాడు. కేంద్రం ఉంచమని ఆమె అడిగింది. కుదరదన్నాడు. కనీసం రెండు శేర్ల నూకలు ఇమ్మంది.

"సంఘం బియ్యం సంఘం పొయ్యి మీదే ఉడకాలి. మీకు తెలియంది కాదుగా?" అన్నాడు. "మీ మీద నాకేం కోపం లేదు. కొత్త కేంద్రం కూడా మీకే అప్పగిస్తాం. అక్కడ నేతవాళ్ళు లేరు, ఈ తలనొప్పి ఉండదు. ఇదిగో, ఈ ఫోటోలో మీరూ పడ్డారు చూడండి, వెనకాల."

ఆమె ఫోటో చూడలేదు. కొత్త కేంద్రానికి రానని చెప్పింది.

"కోపమొచ్చిందా? సేవకి ఓపిక కావాలమ్మా."

ఆమె మెట్లు దిగి వచ్చింది. బస్సు దిగి ఇంటికి వెళ్ళి, తన రేషను నూకల్లోంచి శేరు కొలిచి చౌడేశ్వరమ్మకు ఇచ్చి వచ్చింది. ఆమె చేత్తో వండినది కాదు కాబట్టి అందులో ఆక్షేపణ లేకపోయింది.

మంగళవారం తెల్లవారగానే వెంకటప్పయ్య, చౌడేశ్వరమ్మ పడుగును వీధిలో సాగదీశారు. నలభై గజాలు. గంజి పట్టించారు. తడి ఉండగానే రెండు పక్కలనుంచీ దువ్వాలి, తెగిన పోగులు ముడెయ్యాలి, పోగుల మధ్య కర్రలు జరపాలి. ఎనిమిది మందైనా లేకపోతే కాదు. వాళ్ళు ఇద్దరు. అరుగుల మీద జనం కూర్చున్నారు. ఎవరూ లేవలేదు.

సువార్తమ్మ బడికి పోయేముందు చూసిపోదామని వచ్చి ఆగింది. "నేనేం చెయ్యాలి?"

"ఆ కొస పట్టండి. బిగించి పట్టండి" అంది చౌడేశ్వరమ్మ.

ఆమె పట్టుకుంది. ఎక్కువ బిగిస్తే పోగులు తెగాయి. వదులు చేస్తే పడుగు మధ్యలో కుంగింది. వెంకటప్పయ్య ఒక పక్క దువ్వుకుంటూ పోయాడు. ఈ కొసకు వచ్చేసరికి ఆ కొసన గంజి ఆరి ఉండలు కడుతోంది. ఎండ ఇంటి కప్పులు దాటింది. ఇంకో గడియ పోతే పోగులన్నీ అట్ట కట్టేవి. ఆ నూలు ఇక మగ్గానికి పనికిరాదు.

బసవపున్నయ్య అరుగుమీద ఉండబట్టలేకపోయాడు. రెండుసార్లు లేచి కూర్చున్నాడు. మూడోసారి తువ్వాలు నడుముకు చుట్టి దిగాడు.

"నీ మొహం మండ! గంజి పట్టించేది ఇట్టాగేనా? నలభై ఏళ్ళ మగ్గంరా నీది వెంకటప్పయ్యా, సిగ్గులేదూ?" అని కుంచె లాక్కున్నాడు. "నీ కోసం రాలేదు. నూలు చచ్చిపోతుంటే చూళ్ళేక వచ్చా."

అతను దిగాక వెంకటరావమ్మ దిగింది. తర్వాత అటు పక్కవాళ్ళు. పదినిమిషాల్లో పాతికమంది పడుగుకు అటూ ఇటూ నిలబడ్డారు. పని చేస్తున్నంతసేపూ తిట్టారు. చౌడేశ్వరమ్మను తిట్టారు, సంఘాన్ని తిట్టారు, కార్లో వచ్చిన ఆవిడ ఉమ్మిని తిట్టారు.

"టీచరమ్మా, తప్పుకో. నీ చేతిలో పోగులు తెగుతున్నయ్" అన్నాడు బసవపున్నయ్య.

సువార్తమ్మ కొస వెంకటరావమ్మకు ఇచ్చి పక్కకు జరిగింది. ఆమె వేళ్ళు గంజికి అతుక్కున్నాయి.

తొమ్మిదింటికి పడుగు ఆరింది. చుట్ట చుట్టి లోపలికి తీసుకుపోయారు. చౌడేశ్వరమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి బసవపున్నయ్య ముందు పెట్టింది.

"మామా, నీళ్ళు."

అతను చెంబు వంక చూడలేదు. కుంచె గోడకు ఆనించి ఇంటికి పోయాడు. మిగతావాళ్ళూ అంతే. ఎవరి పిల్లలకు వాళ్ళు ఏదో ఒకటి చూసుకోవాలి.

సువార్తమ్మ అడిగింది. "గంజికి ఇంకా నూకలు కావాలా?"

"వద్దండీ."

"మరి పిల్లలకో?"

"మీరింక ఇటు రాకండి టీచరమ్మగారూ. మీరు మంచోళ్ళే, కాదన్ను. మీరొచ్చి నిలబడితే, ఎవరిచ్చారో, ఏమిచ్చారో అని మళ్ళీ వీధంతా చూస్తది. ముప్పయ్యో తేదీ దాకా నన్ను ఎవరూ చూడకుండా నెయ్యనివ్వండి చాలు."

చెప్పి లోపలికి వెళ్ళింది. వెంకటప్పయ్య అప్పటికే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి దాన్ని సవరిస్తున్నాడు. సువార్తమ్మ కాలవలో చేతులు కడుక్కుని బడికి వెళ్ళింది. ఆ రోజు ఆమె గంటన్నర ఆలస్యం.