ఒక కోడికి ఒక పుస్తకం

నాకు కుళ్ళు. ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత ఎవరో కనిపెట్టి చెప్పడమెందుకు? నా తోడికోడలి మీద కుళ్ళు, ఆమె కూర్చునే కుర్చీ మీద కుళ్ళు, పడుకునే మంచం మీద కుళ్ళు. ఆ మంచం పక్కన స్టూలు మీద గుడ్లప్పగించి కూర్చునే ప్లాస్టిక్ కోడి మీద కూడా కుళ్ళే.

మాది పుస్తకాలు బైండింగ్ చేసే ఇల్లు. కింద పని, పైన కాపురం. మా ఆయన కటింగ్ మిషన్ దగ్గర ఉంటాడు. అట్టలు కోయడం, ప్రెస్సు బిగించడం, తెచ్చే పుస్తకాలు తేవడం, ఇచ్చేవి ఇచ్చి రావడం మరిది పని. కుట్టు నాది. అచ్చు కాగితాలు మడిచిన ఫారాలు వరసగా పేర్చుకుని, ఒక్కొక్క దాని మడతలో సూది దింపి దారం లాగుతూ, కిటికీ పక్కన చేతుల కుర్చీలో ఇరవై ఏళ్ళు కూర్చున్నాను. బంక ఉడికించడం, పుస్తకం వెన్నుకి పూయడం, కట్టలు మోయడం మా చిన్నది చేసేది. తోడికోడల్ని నేనలాగే పిలుస్తాను. అప్పట్లో రెండేసి కట్టలు చంకలో పెట్టుకుని మెట్లు ఎగబాకేది మహాతల్లి.

రెండేళ్ళ కిందట దానికి జ్వరమొచ్చింది. పది రోజుల్లో తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ఒంట్లో సత్తువంతా మూటగట్టుకుని పోయింది. తల దువ్వుకుంటే ఆయాసం, నాలుగు మెట్లెక్కితే రెండు రోజులు మంచం. చాలామంది డాక్టర్లు అయ్యాక, ఒక డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. "అలసిపోయాక ఆగడం కాదమ్మా, అలసిపోకముందే ఆగాలి."

ఇదేం చోద్యం! అలసిపోకముందే పడుకోవడమేమిటి? ఆకలేయకముందే ఏడ్చినట్టు! ఆ మాటే నేనంటే మా మరిది ఓపిగ్గా చెప్పాడు. "హద్దు దాటినా ఆ పూట బాగానే ఉంటుంది వదినా. దెబ్బ మర్నాడో, ఆ మర్నాడో తెలుస్తుంది. తెలిసేసరికి ఏం చేయలేం." బాగుందయ్యా రోగం, సాక్ష్యం కూడా రెండు రోజులు ఆలస్యంగా వస్తుందన్నమాట, అనుకున్నాను. పైకి అనలేదు. కొంచెం అన్నానేమో.

అప్పుడొచ్చింది కోడి. వంటింట్లో వాడే తిప్పుడు గంట, కోడిపెట్ట ఆకారంలో ఉంటుంది. మెడ పట్టుకుని ఎన్ని నిమిషాలకి తిప్పితే అన్ని నిమిషాలకి టపటపమని మోగుతుంది. ఇరవై నిమిషాలు పని, నలభై నిమిషాలు మంచం. అలా రోజుకి నాలుగుసార్లు. నిలబడే పని దానికి పడదని నా కుట్టు దానికిచ్చారు, నా కుర్చీ కూడా. నన్ను బంక గిన్నె దగ్గర నిలబెట్టారు. నా మోకాళ్ళనెవరూ అడగలేదు. ఇరవై నిమిషాల్లో అది సరిగ్గా ఒక పుస్తకం కుట్టేది, ఎక్కువా కాదు తక్కువా కాదు. ఒక కోడికి ఒక పుస్తకం అనేది మా ఇంట్లో సామెత అయిపోయింది.

కోడి మోగిందా, ఇంక చూడాలి భోగం. చిన్నది సూది గుచ్చింది గుచ్చినట్టే వదిలేసి, పక్కగదిలోకెళ్ళి వాలిపోతుంది. మరిది తెర వేస్తాడు. మా ఆయన ఏకంగా మిషన్ ఆపేస్తాడు! ఆ చప్పుడు దాని తలకి పడదట. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను ఒక్కసారి నడుం పట్టేసి గోడకానుకుంటే, "అడ్డం లేవే, అట్టలు తేవాలి" అన్న మనిషి!

"నాకూ ఒక కోడిని కొనిపెట్టండి" అన్నాను ఒకరోజు.

"నీకెందుకు? దుక్కలా ఉన్నావు" అన్నాడు నవ్వుతూ. మెచ్చుకున్నాననుకున్నాడు పాపం.

నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందట వెనకటికో ముసలమ్మ. నేనూ అదే బాపతు. నేను లేనిదే ఈ ఇంట్లో పొద్దు గడవదని నా నమ్మకం. తీరా చూస్తే ఇల్లంతా ఆ ప్లాస్టిక్ కోడి మెడ చుట్టూ తిరుగుతోంది. మండదా మరి?

దేవుడు నాకు మిగిల్చింది ఒక్కటే, పిచ్చుక. చిన్నదాని కూతురు, పదేళ్ళది, కుదురుగా ఒకచోట ఉండదని ఆ పేరు. నా కడుపున కాయ కాయలేదు. తల్లి మంచం పట్టినప్పటి నుంచి ఆ పిల్ల నా పక్కలోనే పడుకుంటుంది. జడ నేనే వేస్తాను. ఆ ఒక్క విషయంలో నేను దానికంటే ఒక మెట్టు పైన ఉన్నానని లోపల్లోపల సంబరం. చెప్పుకోకూడదు కానీ చెప్పేస్తున్నాను.

అలాంటిది, బళ్ళో నాటకమన్నారు. శుక్రవారం సాయంత్రం. పిచ్చుకది పోస్ట్‌మ్యాన్ వేషం, నాలుగు మాటలు. రెండేళ్ళలో బళ్ళో ఏది జరిగినా తల్లి స్థానంలో నేనే వెళ్ళాను. ఈసారి చిన్నది పంతం పట్టింది. "నేనొస్తానే. ఏమైనా వస్తాను" అని పిల్లకి మాటిచ్చింది. సోమవారం నుంచి పనికి రోజూ రెండే కోళ్ళు. తలస్నానం మానేసింది, ఫోన్లో మాట్లాడటం మానేసింది. శుక్రవారం కోసం ఓపిక దాచుకుంటోందట. పిల్ల ఎగిరి గంతేసి, పంతులమ్మని అడిగి, హాల్లో మొదటి వరసలో తలుపు పక్క కుర్చీ తల్లికి పెట్టించుకుంది. ఒక కాగితం మీద కోడి బొమ్మ గీసి, ఆ కుర్చీకి అతికిస్తానంది.

"మరి నాకో?" అన్నాను.

"నువ్వెక్కడైనా కూర్చోగలవు కదా పెద్దమ్మా" అంది పిచ్చుక.

దాని జడకి రిబ్బను కాస్త గట్టిగానే బిగించాను.

బుధవారం లైబ్రరీ వాళ్ళ నలభై పుస్తకాలు మీద పడ్డాయి. నా చేతులు మోచేతుల దాకా బంక. చిన్నది అప్పుడే మంచం దిగి వచ్చింది, మొహం కడిగిన ముత్యంలా ఉంది. కుర్చీలో కూర్చుని కోడి మెడ ఇరవైకి తిప్పి, దారం మరిచిపోయానంటూ పక్కగదిలోకెళ్ళింది. మా ఆయన, మరిది బయట బండిలోంచి కట్టలు దించుతున్నారు.

నిజమా నాటకమా, ఇవాళ తేల్చేస్తాను, అనుకున్నాను. చెయ్యి తుడుచుకున్నాను. కోడి మెడ పట్టుకుని యాభైకి తిప్పాను.

అది వచ్చి కూర్చుంది. ఎక్కడ కోడి వంక చూస్తుందోనని నా భయం. దాని చూపు మళ్ళించాలని ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూర్చుని కబుర్లు మొదలుపెట్టాను. ఏం మాట్లాడను? నోటికొచ్చింది మాట్లాడాను. అది కొత్తగా కాపురానికొచ్చినప్పుడు బంకని గంజి అనుకుని మా ఆయన చొక్కాకి పెట్టిన సంగతి ఎత్తాను. ఆ చొక్కా ఆరాక అట్టలా నిలబడిపోయింది, మనిషి లేకుండానే మెట్లు దిగి పనికెళ్ళేలా ఉంది. చిన్నది పడీ పడీ నవ్వింది.

"అక్కా, బావగారు అది తొడుక్కుని చెయ్యి దించలేక…"

"దారిలో ఎవరో దండం పెడుతున్నాడనుకున్నారట!"

ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. నేను దానికి పరీక్ష పెడుతున్న సంగతి నేనే మరిచిపోయాను. టపటపమని కోడి మోగితే ఉలిక్కిపడ్డాను.

చిన్నది లేచింది. తూలలేదు, పాలిపోలేదు. "ఇవాళ పొద్దే తెలియలేదక్కా" అంది, నా భుజం మీద చెయ్యేసి. వెళ్ళి పడుకుంది.

నాటకమే! నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. గురువారం కూడా కాస్త నెమ్మదిగా తిరిగిందే తప్ప బాగానే ఉంది. రాత్రి మా ఆయనతో అన్నాను. "చూస్తూ ఉండండి, మీ మరదలికి ఏ జబ్బూ లేదు." ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున మరిది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, రెండు చేతుల్లో తల పెట్టుకుని. చిన్నది లేవలేదు. లేవలేకపోయింది. తల దిండు మీంచి ఎత్తలేదు, వెలుతురుకి కళ్ళు తెరవలేదు, మంచినీళ్ళు చెంచాతో పట్టాల్సి వచ్చింది.

బంక ఆరకముందే తెరిచిన పుస్తకం ఆ పూట బాగానే ఉంటుంది. తెరిచి చూసుకుని భేషుగ్గా ఉందనుకుంటాం. రెండో రోజుకి వెన్ను విడిపోతుంది. అందుకే బరువు కింద పెట్టి రేపటిదాకా ముట్టుకోవద్దని వచ్చినవాళ్ళందరికీ ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నదాన్ని నేనే. నాకే తట్టలేదు చూడండి.

"ఎలా జరిగిందో తెలియట్లేదు వదినా. ఒక్క నిమిషం ఎక్కువ చేయలేదంటుంది" అన్నాడు మరిది. నేను బంక గిన్నె కలుపుతూ నిలబడ్డాను.

సాయంత్రం నన్నే వెళ్ళమంది చిన్నది, గొణుగుతున్నట్టు. "నా కుర్చీలో కూర్చో అక్కా. పిల్ల అటే చూస్తుంది."

వెళ్ళాను. మొదటి వరస, తలుపు పక్క, కోడి బొమ్మ. ఎన్నాళ్ళుగానో కోరుకున్నాను కదా దాని కుర్చీ, దొరికింది. తెర తీశారు. పిచ్చుక ఖాకీ టోపీ పెట్టుకుని, సంచీ వేసుకుని వచ్చి, ముందు ఈ కుర్చీ వైపే చూసింది. నన్ను చూసింది. మొదటి మాట అంది, రెండోది అంది, మూడోది మరిచిపోయింది. పంతులమ్మ పక్కనుంచి అందిస్తే నాలుగోది నేల చూస్తూ చెప్పి వెళ్ళిపోయింది.

ఇంటికొస్తూ నా చెయ్యి పట్టుకోలేదు. "అమ్మకి నాకంటే పుస్తకాలే ఎక్కువ" అంది. "బుధవారం బడి నుంచి వచ్చి చూశాను. ఒక్క కోడికే రెండు కుట్టేసి మూడోది సగం చేసింది. ఒక కోడికి ఒక పుస్తకమే కదా? కోడి మోగినా లేవలేదు. మాటిచ్చి కూడా లేవలేదు."

అప్పుడైనా చెప్పాలా వద్దా? చెప్పలేదు. ఛీ, చెప్పలేదు.

ఇంటికొచ్చి నేరుగా చిన్నదాని గదిలోకెళ్ళాను. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"నేనే తిప్పానే కోడిని. బుధవారం. నీది నాటకమనుకున్నాను."

"తెలుసక్కా" అంది చిన్నది. "రెండో పుస్తకం పట్టుకున్నప్పుడే తెలిసింది."

"తెలిసీ ఎందుకు కూర్చున్నావే పిచ్చిమొహమా?"

కళ్ళు మూసుకునే ఉంది. "రెండేళ్ళయిందక్కా నువ్వు నా ఎదురుగా కూర్చుని. లేస్తే మళ్ళీ ఎప్పటికో అనిపించింది. ఇంకొక్క ఐదు నిమిషాలు, ఇంకొక్క ఐదు నిమిషాలు అనుకున్నాను. మధ్యలో ఒక రోజుందిగా, సర్దుకుంటుందిలే అనుకున్నాను."

నన్ను నాలుగు తిట్టినా తట్టుకునేదాన్ని. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను, చప్పుడు దాని తలకి పడదు కదా.

"పిల్ల నీ మీద కోపంగా ఉంది" అన్నాను.

"ఉండనీ. దానికి చెప్పకు. నీ పక్కలోనే కదా పడుకుంటుంది. నీ మీద కూడా మనసు విరిగితే ఎక్కడికెళుతుంది?" ఆ నాలుగు మాటలకే దానికి ఊపిరి అందలేదు. చేత్తో సైగ చేసింది, ఇంక చాలు అన్నట్టు.

ఎంత సుఖమో చూడండి, నేరం చేసింది నేను, దాచమంటున్నది అది. చెప్పకపోతే ఆ పిల్ల నాకే మిగులుతుంది. తల్లి మీద కోపంతో నాకింకా దగ్గరవుతుంది. నిజం చెబుతున్నాను, గడప దాటేదాకా ఆ ఆశ నాలో ఉంది.

పిచ్చుక మెట్ల మీద కూర్చుని టోపీ దారాలు పీకుతోంది. ఎదురుగా నిలబడి చెప్పేశాను. అమ్మ ఇరవైకే తిప్పింది, యాభైకి తిప్పింది నేను, మాట తప్పింది అమ్మ కాదు, అని. ఎందుకు తిప్పానో కూడా చెప్పాను. కుళ్ళు అన్నాను. ఆ మాట పదేళ్ళ పిల్లకి అర్థమవుతుంది.

అది నన్ను ఎగాదిగా చూసింది. ఏడవలేదు. చిన్నగా తలుపు తోసుకుని అమ్మ గదిలోకెళ్ళి, స్టూలు మీది కోడిని రెండు చేతులతో పట్టుకుని బయటికొచ్చింది.

"దీన్ని ఇంకెప్పుడూ నువ్వు ముట్టుకోకు" అంది.

"ముట్టుకోను" అన్నాను.

ఆ రాత్రి దాని చాప తల్లి మంచం పక్కన వేసుకుంది.

చిన్నది మళ్ళీ కుర్చీలోకి రావడానికి ఏడు వారాలు పట్టింది. ఇప్పుడు పదిహేను నిమిషాలే. ఒక కోడికి ముప్పావు పుస్తకం. మెడ తిప్పేది పిచ్చుక. బడికెళ్ళేలోపు ఒకసారి, వచ్చాక ఒకసారి. తిప్పి, నంబరు తల్లికి చూపించి, కోడిని నా చేతికందని గూట్లో పెడుతుంది. నేను ముక్కాలిపీట తెచ్చుకుని చిన్నదాని ఎదురుగా కూర్చుంటాను. మాట్లాడితే కూడా దానికి అలుపే కాబట్టి, ఊరికే కూర్చుంటాను. మోగగానే దానికంటే ముందు నేను లేస్తాను.

కుర్చీ మీద కుళ్ళు పోయింది. మంచం మీదా పోయింది. పొద్దున్నే అది లేవలేక లేచి, వణికే చేతులతో పిచ్చుకకి జడ వేస్తుంది, వంకరటింకరగా. ఆ జడ చూసినప్పుడు మాత్రం ఇప్పటికీ మండుతుంది, అబద్ధమెందుకు.