కువైటు లైటు

నాసిర్ ఆ ఏడు సెలవు మీద జమ్మలమడుగులో దిగినప్పుడు, కువైటు నుంచి వచ్చే అందరు మొగుళ్లలా సెంటు సీసాలూ దుప్పట్లూ తేలేదు. కారుకు తెల్లలైట్ల కిట్టు తెచ్చాడు. అక్కడొక పెద్దింట్లో డ్రైవరుగా చేస్తూ బండ్ల గురించి తెలుసుకోవాల్సినదంతా తెలుసుకున్నానని అతని నమ్మకం. ఇంట్లో ఉన్న పాత కారుకు ఆ కిట్టును తన చేత్తోనే బిగించాడు. రెండు బల్బులు, ఒక్కో బల్బుకు కరెంటు పెంచి అందించే అరచేయంత పెట్టె, మధ్యలో చిక్కుపడిన బోలెడు వైర్లు. ఈ లైటు వేస్తే గండికోటలో లోయ అవతలి గట్టుకు కూడా తెల్లారిపోతుందని వీధంతా చెప్పి, విమానమెక్కి వెళ్లిపోయాడు.

కారు నడిపేది మాత్రం అతని భార్య సమీరా. ఆమెకు ప్రొద్దుటూరులో కుట్టు దుకాణం ఉంది. పొద్దున పోయి, మసక చీకటి పడే వేళకు తిరిగొస్తుంది. నెల తిరక్కుండానే ఎడమ లైటు ఆరిపోయింది. ఎదురొచ్చే సిమెంటు లారీలు ఆ ఒంటి లైటును చూసి మోటారు సైకిలనుకుని, మోటారు సైకిలుకు ఇచ్చేంత చోటే ఇచ్చాయి. ఒక సాయంత్రం చక్రాలు రోడ్డు దిగి కంకరలోకి జారాయి.

ఆ సంగతి వీడియో కాల్‌లో చెబితే, నాసిర్ మొదట లైటు క్షేమం అడిగాడు.

"కువైటు సామాను పోదు సమీరా. మన పక్క వైరింగే పోయింటాది," అన్నాడు.

మన పక్క అంటే ఇండియా. ఆ వారమంతా కారులో ఇండియాలో తయారైనవన్నీ ముద్దాయిలే. ఫ్యూజు మార్చమన్నాడు, మార్చింది. తర్వాత బ్యాటరీ మీద అనుమానపడ్డాడు. కుడి లైటు అదే బ్యాటరీతో వెలుగుతోంది కదా అని ఆమె అడిగితే, సిగ్నలు సరిగా లేదని ఫోను పెట్టేశాడు. మర్నాడు, కారు కడిగింది నువ్వే కదా అని మొదలుపెట్టాడు. అత్త మెహబూబున్నీసా, కొడుకు తెచ్చిన వస్తువుకు దిష్టి తగిలిందని తేల్చి, బానెట్టు చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. వీధంతా దగ్గింది. లైటు మాత్రం చలించలేదు.

అంతలో పులివెందుల నుంచి నాసిర్ బావ షాకీర్ వచ్చాడు. ఆయనకు ట్రాక్టర్ల సామాన్ల అంగడి ఉంది కాబట్టి, చక్రాలున్న దేని గురించైనా ఆయన మాటే చివరి మాట. బానెట్టు తెరిచి చాలాసేపు గంభీరంగా చూసి, లైటు మీద అరచేత్తో ఒక్కటి వేశాడు. వెలిగింది. ఇంతదానికి ఇన్ని తిప్పలు పడ్డారా అన్నట్టు అందరి వంకా చూసి, బిర్యానీ తిని, కువైటుకు ఫోను చేసి తన చేతి మహిమ వివరంగా చెప్పుకుని బయల్దేరాడు. ఆయన బస్సు ముద్దనూరు చేరేలోగా లైటు మళ్లీ ఆరిపోయింది.

ఆదివారం దుకాణానికి సెలవు. సమీరా ఎవరి సలహా అడక్కుండా కారు దగ్గరికి వెళ్లింది. కుట్టు మిషన్ కుట్లు వదిలేస్తుంటే ఆమె మొదట చేసే పని, బాగా కుట్టే మిషన్ సూది తీసి దీనికి వేసి చూడటం. ఇక్కడా అదే చేసింది. లైట్లు ఆపి, బల్బు చల్లారాక, కుడి బల్బును ఎడమకూ ఎడమ బల్బును కుడికీ మార్చింది. అయినా ఎడమవైపు చీకటే, కుడివైపు వెలుగే. అంటే బల్బులు రెండూ మంచివే. మళ్లీ అన్నీ ఆపి, ఈసారి పెట్టెలను అటూ ఇటూ మార్చింది. ఎడమ లైటు భగ్గున వెలిగింది. అన్నాళ్లూ బుద్ధిగా వెలిగిన కుడిది ఆరిపోయింది. పెట్టె ఎటు పోతే చీకటీ అటే పోతోంది. తప్పు పెట్టెది. పెట్టె కువైటుది.

ఫోను చేసి చూపించింది. నాసిర్ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత, మళ్లీ మార్చి చూపించమన్నాడు. ఆమె ఓపిగ్గా మార్చింది. చీకటి మళ్లీ ఆ పెట్టె వెంటే నడిచింది.

"మన ఎండలకు తట్టుకోలేకపోయింటాది," అన్నాడు చివరికి.

"కువైటులో చలిగా ఉంటాదా?" అంది సమీరా.

అతను నవ్వలేదు. తెరమీద వాడిపోయిన ఆ ముఖం చూస్తే ఆమెకు జాలేసింది. ఈ ఇంటికి అతను చేతులారా చేసిపోయిన పని అదొక్కటే మరి. కానీ కంకరలోకి జారిన చక్రాలు గుర్తొచ్చి మనసు గట్టి చేసుకుంది.

"నేను కారుకు మొదట్లో ఉన్న పాత బల్బులే ఏసుకుంటాండా. ఆ లారీల ముందర బండి నడిపేది నువ్వా, నేనా?"

"నువ్వే," అన్నాడు మెల్లగా. ఇంకో పెట్టె పంపిస్తానన్నాడు. ఆమె వద్దంది.

పాత పసుపు వెలుగు గండికోట దాకా పోలేదు. ఆమెకు గండికోటలో పనీ లేదు. ముందున్న గుంత కనిపించింది, ఎదురొచ్చే లారీలు కారుకు ఇవ్వాల్సిన చోటు ఇచ్చాయి, అంతే చాలనుకుంది.

నాసిర్ కొన్నాళ్లు తల్లితో మాత్రమే మాట్లాడి, ఆ తర్వాత అలక మానాడు. లైట్ల మాటే ఎత్తలేదు. అంత సులువుగా ఊరుకున్నందుకు సమీరాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నెలాఖరుకు, కువైటులో నాసిర్‌తో ఒకే గదిలో ఉండే దస్తగిరి సెలవు మీద వచ్చి ఒక పొట్లం ఇచ్చాడు. లోపల కారు వెనక బిగించుకునే కెమెరా, అరబ్బీలో అచ్చేసిన కాగితం, మళ్లీ బోలెడు వైర్లు. సమీరా దాన్ని బీరువాలో బట్టల కింద దాచేసింది.

ఆ వారంలోనే నాసిర్ ఫోను చేసి, కెమెరా ఎట్లుందని ఆశగా అడిగాడు.

"శానా బాగుంది," అంది సమీరా. "ఎనక వచ్చేటోళ్లంతా కనపడతాండారు."